ఐస్ ప్రిన్సెసా, గో ఫిగరా: పిల్లలతో ఏది చూడాలి?

రెండు సినిమాలూ 2005లో వచ్చినవే, రెండూ డిస్నీవే, రెండింట్లోనూ స్కేటింగ్ పిచ్చి ఉన్న టీనేజ్ అమ్మాయే, అందుకే ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవడం మామూలే.

ఐస్ ప్రిన్సెస్ థియేటర్ సినిమా. ఫిజిక్స్‌లో దిట్ట అయిన అమ్మాయి స్కాలర్‌షిప్ కోసం స్కేటింగ్ మీద ప్రాజెక్టు మొదలుపెట్టి, చివరికి తనే మంచు మీదికి దిగుతుంది. హార్వర్డే కావాలని పట్టుబట్టే అమ్మ మనకి కొత్తేం కాదు, ఐఐటీ అనుకుంటే సరి.

గో ఫిగర్ టీవీ కోసం తీసింది. కేట్లిన్ ఫిగర్ స్కేటర్, అంటే మంచు మీద ఎగురుతూ, గిర్రున తిరుగుతూ స్కేటింగ్ చేసే అమ్మాయి, కానీ కోరుకున్న రష్యన్ కోచ్ దగ్గర నేర్చుకోవాలంటే ఆ కోచ్ ఉన్న స్కూల్లో దొరికే సీటు ఐస్ హాకీ (మంచు మీద ఆడే హాకీ) స్కాలర్‌షిప్ మీదే. అసలు సరదా ఇక్కడుంది. ఫిగర్ స్కేట్ బ్లేడుకి ముందువైపు రంపపు పళ్ళలాంటివి ఉంటాయి, ఎగరడానికి వాటినే మంచులో గుచ్చుతారు, హాకీ స్కేటుకి అవి ఉండవు కాబట్టి పాత అలవాటుతో మునివేళ్ళ మీద బరువు వేస్తే బోర్లా పడటమే! 1992 ఒలింపిక్ విజేత క్రిస్టీ యమగూచి కూడా కాసేపు కనిపిస్తుంది.

నటన, తల్లీకూతుళ్ల కథ కావాలంటే మొదటిదే మేలు. మా ఇంట్లో పిల్లలున్నప్పుడు మాత్రం నా ఓటు హాకీకే, కథ ఎటు పోతుందో అరగంటకే తెలిసిపోయినా సరే.