ముందు చాల్డీనినా, కానెమన్‌నా?

మనుషులు ఎందుకలా ప్రవర్తిస్తారో తెలుసుకోవాలని పుస్తకం అడిగిన మా చెల్లెలికి విశాఖ బీచ్ రోడ్డులో నడుస్తూ ఒకటే చెప్పాను: ముందు అమెరికా సైకాలజిస్టు రాబర్ట్ చాల్డీని. 1984లో వచ్చిన ఆయన ‘ఇన్‌ఫ్లుయెన్స్’, అవతలివాళ్లు మనచేత ‘సరే’ అనిపించే దారులు చూపిస్తుంది. జగదాంబ జంక్షన్‌లో చీరల షాపుకి వెళ్లండి. కూర్చోగానే కూల్‌డ్రింక్ ఇస్తారు. తాగాక ఊరికే లేచి రావాలంటే మొహమాటం. ‘ఈ రంగులో ఇదొక్కటే మిగిలిందమ్మా’ అనగానే చెయ్యి పర్సు మీదికి పోతుంది. ఇచ్చిపుచ్చుకోవడం, కొరత రెండూ ఆయన చెప్పిన ఆరు సూత్రాల్లోవే. మొహమాటంతో డబ్బు పోగొట్టుకున్నవాళ్లకి ఇది మనింటి సంగతిలాగే ఉంటుంది.

డేనియల్ కానెమన్ చూపు మన బుర్రలోకి. 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న సైకాలజిస్టు. 2011 నాటి ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’లో తొందరపాటు ఆలోచన ఎలా పొరబడుతుందో చెబుతారు. వంద రూపాయలు దొరికిన ఆనందం కన్నా వంద పోయిన బాధే పెద్దది. మధురవాడలో కొన్న స్థలాన్ని నష్టానికి అమ్మలేక ఏళ్ల తరబడి అట్టేపెట్టుకునేది అందుకే. లోతు ఇందులోనే ఎక్కువ, కానీ మెల్లగా చదవాలి. ఒక అధ్యాయంలో తాను కొద్దిమంది మీదే చేసిన చిన్న ప్రయోగాలను అతిగా నమ్మానని కానెమన్ తర్వాత ఒప్పుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.