ఒకే జట్టులో ఇద్దరు విజార్డులు: చాలాకాలం ఆడాక నా మాట

పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే టేబుల్ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో జట్టుకు ఒక్క విజార్డ్ (మాంత్రికుడు) చాలు, రెండోవాడు దండగ అంటుంటారు. నేనూ నా స్నేహితుడూ ఇద్దరం విజార్డులుగానే ఏళ్ల తరబడి ఆడుతున్నాం. ఆ మాట నేను అస్సలు ఒప్పుకోను.

ఈ ఆట రూల్స్ పుస్తకమైన 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఇద్దరు కలిసి ఒకే స్పెల్ (మంత్రం) వేసే రూల్ లేదు. బలం కలిపి పెద్ద ఫైర్‌బాల్ (పేలే నిప్పు బంతి) విసరడం కుదరదు. సహకారమంతా పని పంచుకోవడంలోనే ఉంది. మాట్లాడుకోకపోతే ఒకరి పని ఇంకొకరు చెడగొడతారు కూడా. నా స్నేహితుడు వెబ్ (సాలెగూడు స్పెల్) వేసి శత్రువులను కదలకుండా చేశాక నేను ఫైర్‌బాల్ విసిరితే, మంట తగిలినచోట ఆ గూడు ఒక్క రౌండ్‌లో (అందరి వంతూ ఒకసారి అయ్యేలోపు) కాలిపోతుంది.

అసలు లాభం కాన్సంట్రేషన్ దగ్గరుంది, అంటే కొన్ని స్పెల్స్ నడిచినంతసేపూ వేసినవాడు మనసు వాటిమీదే నిలపాలి. ఒక మనిషి ఒకేసారి ఒక్క కాన్సంట్రేషన్ స్పెల్‌నే నిలిపి ఉంచగలడు. ఇద్దరుంటే రెండు నిలుస్తాయి. అందుకే వాల్ ఆఫ్ ఫోర్స్ స్పెల్ దొరికే 9వ లెవెల్‌కి వచ్చాక మా ఆట మారిపోయింది. ముందు నేను సికెనింగ్ రేడియన్స్ (ఒంటిని పాడుచేసే వెలుగు) వేస్తాను. వెంటనే అతను వాల్ ఆఫ్ ఫోర్స్‌ని (కంటికి కనబడని గోడ) డోమ్‌లా దించి శత్రువును అందులో మూసేస్తాడు. లోపలున్న శత్రువు సేవ్ (తట్టుకోడానికి వేసే పాచిక) తప్పిన ప్రతిసారీ ఒక లెవెల్ ఎగ్జాషన్ (నీరసం) ఎక్కుతుంది, ఆరుకి చేరితే చావే. ఈ వరస తప్పకూడదు. డోమ్ ముందు పడితే నా స్పెల్ లోపలికి పోదు. మిస్టీ స్టెప్ (ఒకచోట మాయమై దగ్గర్లో తేలే స్పెల్) తెలిసిన మాంత్రికుడి మీద మాత్రం ఇది వాడొద్దు. వాడు బయటికి దూకేస్తాడు, డోమ్ అడ్డు ఉండటంతో మన కౌంటర్‌స్పెల్ (ఎదుటివాడి స్పెల్‌ని అడ్డుకునే స్పెల్) కూడా వాడికి తగలదు. మేమిద్దరం దెబ్బ తిన్నప్పుడల్లా టెన్షనే: డీసీ (పాచికతో అందుకోవాల్సిన అంకె) 10 లేదా డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది అందుకోకపోతే కాన్సంట్రేషన్ పోతుంది.

కౌంటర్‌స్పెల్ విషయంలోనూ తోడు కావాలి. నా ఫైర్‌బాల్‌ని శత్రువు అడ్డుకోబోతే, 60 అడుగుల లోపు ఉన్న నా స్నేహితుడు ఆ అడ్డును అడ్డుకుంటాడు. 2014 రూల్స్‌లో ఆ పని నేనే చేసుకోవచ్చు. 2024లో మారిన రూల్స్‌లో ఒక టర్న్‌లో (వంతులో) ఒక్క స్లాటే (స్పెల్ వేసేందుకు లెక్కగా ఉండే అవకాశం) ఖర్చు పెట్టగలం కాబట్టి పక్కవాడే దిక్కు.

విజార్డులు స్పెల్స్ రాసుకునే స్పెల్‌బుక్‌ల సంగతి చాలామంది పట్టించుకోరు. లెవెల్ పెరిగినప్పుడల్లా ఇద్దరికీ చెరి రెండు స్పెల్స్ ఉచితంగా వస్తాయి. వేర్వేరువి ఎంచుకుని, తర్వాత ఒకరి పుస్తకంలోంచి ఒకరు రాసుకుంటాం. స్పెల్ లెవెల్ ఒక్కింటికి రెండు గంటలు, 50 బంగారు నాణేలు పడతాయి. అంటే మూడో లెవెల్ స్పెల్ అయిన ఫైర్‌బాల్‌కి ఆరు గంటలు, 150 నాణేలు. దొరికిన నిధిలో మా వాటా చాలావరకు దీనికే పోతుంది, అయినా ఒక్కసారి కూడా బాధపడలేదు.

మొదటి నాలుగు లెవెళ్లు మాత్రం కష్టం. 1వ లెవెల్‌లో చెరి రెండు స్లాట్లే, ఒంట్లో బలం ఉండదు, ఒక్క దెబ్బకే పడిపోతాం. ముందు నిలబడి కాచుకునే ఫైటరో పాలడినో లేకుండా ఇలాంటి జట్టు మొదలుపెట్టకండి.