బరంపురంలో కీటో క్యారేజీ: పన్నెండు వారాల తిండి, పన్నెండు వారాల నిద్ర

ఒడిశాలోని బరంపురంలో ఇళ్లకు కీటో భోజనం, అంటే పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచిన భోజనం, పంపే ఒక క్యారేజీ సేవలో ఫిబ్రవరి నెలాఖరున చేరి, మే మూడో వారం వరకు రెండు పూటలా వారి వంటే తిన్నాను. చేరే ముందు నలుగురిని అడిగితే రుచి గురించీ, ధర గురించీ, ఎన్ని కిలోలు తగ్గారో దాని గురించీ చెప్పారు గానీ, రాత్రి నిద్ర ఎలా పట్టిందో ఒక్కరూ చెప్పలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టిందీ, చివరికి ఎక్కువగా ఆలోచింపజేసిందీ ఆ నిద్రే కాబట్టి ఈ సమీక్షలో ప్రధానంగా దాని గురించే రాస్తున్నాను. ఆ సేవ పేరు రాయడం లేదు. వంట చేసేది ఒక చిన్న కుటుంబం, లోపాలు చెప్పినప్పుడు ఓపికగా విన్నవారు.

నా వయసు నలభై ఏడు, ఉద్యోగం బడిలో పాఠాలు చెప్పడం. పరగడుపు చక్కెర హద్దు దగ్గరకు వచ్చిందనీ, బరువు తగ్గాలనీ డాక్టరు చెప్పిన తరువాతే ఇందులో చేరాను. తెలుగు ఇళ్లలో ఈ పద్ధతి వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగాలతో బాగా తెలిసినదైనా, దీని పుట్టుక మాత్రం పాతది. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం దీనిని ప్రతిపాదించి, కీటోజెనిక్ ఆహారం అని పేరు పెట్టారు. పిండి పదార్థాలను బాగా తగ్గించి కొవ్వును పెంచితే కాలేయం ఆ కొవ్వు నుంచి కీటోన్లను తయారుచేస్తుంది, శరీరమూ మెదడూ వాటిని ఇంధనంగా వాడుకుంటాయి. సాధారణంగా రోజుకు 20 నుంచి 50 గ్రాముల లోపు పిండి పదార్థంతో సరిపెట్టాలి. వంద గ్రాముల అన్నంలోనే సుమారు 28 గ్రాములు ఉంటుంది కాబట్టి, మూడు పూటలా అన్నం తినే మన ప్రాంతపువారికి ఇది ఎంత పెద్ద మార్పో వేరే చెప్పనక్కర్లేదు.

భోజనం విషయంలో నాకు పెద్ద ఫిర్యాదు లేదు. మూడు గిన్నెల క్యారేజీ వచ్చేది. పై గిన్నెలో కాలీఫ్లవర్‌ను సన్నగా తురిమి, నేతిలో ఆవాలు, కరివేపాకు వేసి వేయించిన పొడిపొడి కూర, మధ్య గిన్నెలో చిలికా సరస్సు రొయ్యల ఇగురో, ఆవపెట్టిన కోనాం చేప ముక్కలో, శనివారాల్లో ఛెనాతో (పాలు విరిచి తీసిన ముద్దతో) చేసిన కూరో, అడుగు గిన్నెలో కొబ్బరి వేసిన తోటకూర ఉండేవి. మూత మీద అంటించిన చిన్న కాగితంపై ఆ పూట పిండి పదార్థం ఎన్ని గ్రాములో చేతితో రాసి పంపేవారు. రొయ్యలు ఒక్కరోజు కూడా నీచు వాసన వేయలేదు. ఆవ పెట్టడంలో ఇటు ఒడియా వంటా అటు మన వంటా తెలిసిన చెయ్యి అది.

కష్టం రాత్రిళ్లు మొదలైంది. పడుకున్న సమయం, నిద్ర పట్టిన సమయం, మధ్యలో ఎన్నిసార్లు లేచానో మంచం పక్కన ఒక నోటు పుస్తకంలో రాసుకునే అలవాటు నాకు చక్కెర పరీక్షల రోజుల నుంచి ఉంది. కీటోకు ముందు వారంలో పది గంటలకు పడుకుంటే పదిన్నర లోపు నిద్ర పట్టేది, ఒకసారి లేచేదాన్ని. కీటో మొదలుపెట్టిన మొదటి పది రోజుల్లో పన్నెండు దాటకుండా నిద్ర పట్టిన రాత్రులు మూడే. నాలుగుసార్లు మెలకువ వచ్చేది, అందులో రెండు మూడు మూత్రానికే. ఒళ్లు అలసి ఉండేది, కళ్లు మాత్రం మూతపడేవి కావు.

తొమ్మిదో రాత్రి రెండు గంటల వేళ ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయింది. నా అరుపు విని అత్తగారు లైటు వేసుకుని వచ్చి, నా కాలి బొటనవేలిని మోకాలి వైపు వంచి పట్టుకుని, పిక్కను అరచేతితో నెమ్మదిగా కిందికి నిమురుతూ, "ఉప్పు తినడం మానేశావా ఏమమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంతోనే అసలు సంగతి నాకు అర్థమైంది.

శరీరంలో దాచుకున్న పిండి పదార్థం, అంటే గ్లైకోజెన్, ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. కీటోలో మొదటి రోజుల్లో ఆ నిల్వ కరిగిపోవడంతో ఆ నీరంతా బయటికి పోతుంది. పైగా ఇన్సులిన్ తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పును కూడా ఎక్కువగా బయటికి పంపుతాయి. రాత్రి పదేపదే లేవడం, పిక్కలు పట్టేయడం, తలనొప్పి మొదటి వారాల్లో చాలామందికి రావడానికి ఇదే ముఖ్యమైన కారణం. మన ప్రాంతంలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. బరంపురంలో మార్చి నుంచే ఉక్క మొదలవుతుంది, చెమటలో ఉప్పు పోతుంది. ఆ లోటును మనవాళ్లు తరతరాలుగా ఉప్పు వేసిన చద్దన్నంతోనూ, ఒడియావారు పఖాళతోనూ (నీళ్లలో నానబెట్టిన అన్నం), పక్కన ఊరగాయతోనూ పూడ్చుకుంటున్నారు. అన్నం మానేసినప్పుడు చద్దన్నంతో పాటు ఆ ఉప్పు కూడా మానేసినట్టయింది. ఈ సేవవారు కూరల్లో ఉప్పు తగ్గించి వండడాన్ని ఆరోగ్యంగా భావించి, ఊరగాయ కూడా పెట్టేవారు కాదు. అన్నం తినేవారికి మేలు చేసే ఆ జాగ్రత్త కీటోలో ఉన్న నాకు కీడు చేసింది.

రెండో లోపం కాఫీ. సాయంత్రం ఐదున్నరకు ఫ్లాస్కులో వెన్న, కొబ్బరినూనె కలిపి చిలికిన కాఫీ పంపేవారు. ఆకలి వేయదని దానిని ఇష్టంగా తాగేదాన్ని. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, పదిన్నరకు పడుకునే వేళకు సగం కాఫీ నాలో మేలుకునే ఉండేది. మూడో లోపం సమయం. రాత్రి భోజనం ఎనిమిదిన్నర తరువాత వచ్చేది, తినేసరికి తొమ్మిది. కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. పడుకోగానే ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు వచ్చేవి.

లోపమంతా ఈ సేవవారిదే అనడం న్యాయం కాదు. పిండి పదార్థం మానడానికీ నిద్రకూ నేరుగా సంబంధం ఉంది. 2007లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన పన్నెండు మంది పురుషులకు నిద్రకు నాలుగు గంటల ముందు రెండు రకాల అన్నం పెట్టి చూశారు. త్వరగా అరిగే జాస్మిన్ బియ్యపు అన్నం తిన్న రాత్రి సగటున 9 నిమిషాల్లో, నెమ్మదిగా అరిగే బియ్యపు అన్నం తిన్న రాత్రి 17.5 నిమిషాల్లో నిద్ర పట్టింది. అన్నం తిన్నప్పుడు పెరిగే ఇన్సులిన్ వల్ల ట్రిప్టోఫాన్ అనే పదార్థం మెదడులోకి తేలికగా చేరుతుందనీ, దాని నుంచే నిద్రకు కావలసిన మెలటోనిన్ తయారవుతుందనీ దీనికి వివరణ ఇస్తారు. అన్నం తిన్నాక కునుకు వస్తుందని మన పెద్దలు చెప్పేది ఇదే. మరోవైపు అదే పరిశోధకులు 2008లో పిండి పదార్థం బాగా తగ్గించి చూసినప్పుడు గాఢనిద్ర పెరిగి, కలలు వచ్చే నిద్ర తగ్గింది. కాబట్టి కీటో నిద్రను పాడుచేస్తుందని గానీ బాగుచేస్తుందని గానీ ఒక్క మాటలో తేల్చడం సరికాదు.

మూడో వారంలో డాక్టరు నా రక్తపోటు, మూత్రపిండాల పరీక్షలు చూసి అనుమతించిన తరువాత, సాయంత్రం పలుచటి మజ్జిగలో అర చెంచా ఉప్పు కలుపుకుని తాగడం మొదలుపెట్టాను. రక్తపోటు ఉన్నవారు నన్ను చూసి ఇలా చేయకూడదు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవారు డాక్టరుతో మాట్లాడకుండా అసలు కీటోలోనే చేరకూడదు. ముఖ్యంగా పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మందులు వాడుతూ కీటో చేస్తే ప్రాణాపాయం ఉంది. చేరేటప్పుడు ఈ సేవవారు నన్ను ఏ మందులు వాడుతున్నానో అడగలేదు. కూరల రుచి ఎంత బాగున్నా ఈ ఒక్క విషయంలో వారిని క్షమించలేకపోతున్నాను.

ఉప్పు మొదలుపెట్టిన నాలుగో రాత్రి నుంచి పిక్కలు పట్టలేదు. సాయంత్రం కాఫీ ఆపించాను. నీళ్లు ఎక్కువగా మధ్యాహ్నంలోపే తాగి, ఏడు దాటాక తగ్గించాను. భోజనం ఏడు లోపు పంపమని అడిగితే, ఆ దారిలో మరో ఇద్దరికి కూడా కలిసివస్తుందని ఒప్పుకున్నారు. ఐదో వారానికి పావుతక్కువ పదకొండుకల్లా నిద్ర పట్టింది, ఒకసారే లేచాను. బడులు ఉదయం ఆరున్నరకు మారిన రోజుల్లో ఆ తేడా బోర్డు ముందు నిలబడినప్పుడు తెలిసింది. బరువు ఆరు కిలోలు తగ్గాక గురక తగ్గిందని మా ఆయన చెప్పారు.

రెండేళ్లకొకసారి వచ్చే మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్ర ఏప్రిల్‌లో వచ్చినప్పుడు వీధులన్నీ జనంతో నిండిపోయి క్యారేజీ మళ్లీ తొమ్మిదికి రాసాగింది. ఆ వారం డప్పుల మోత కూడా ఉంది గనుక ఆ రాత్రుల లెక్కను తీర్పులో కలపలేదు. అయితే ఆలస్యమవుతుందని ముందుగా ఒక ఫోను చేసి ఉంటే ఇంట్లోనే రెండు గుడ్లు ఉడకబెట్టుకుని పెందలాడే తినేదాన్ని.

పన్నెండు వారాల తరువాత డాక్టరు సలహాతో పూర్తి కీటో ఆపాను. ఇప్పుడు మధ్యాహ్నం క్యారేజీ మాత్రం నెలకు 4,200 రూపాయలకు తీసుకుంటున్నాను. రాత్రి ఏడింటికి ఇంట్లో గుప్పెడు అన్నం, పప్పు, కూర తింటున్నాను, పదింబావుకల్లా నిద్ర పడుతోంది. మధ్యాహ్నం భోజనానికి వీరిని ధైర్యంగా చెప్పగలను. రాత్రి భోజనానికి మాత్రం చెప్పలేను, ఎందుకంటే కొత్తగా చేరేవారికి ఇచ్చే కాగితంలో సాయంత్రం వెన్న కాఫీ, రాత్రి ఎనిమిదిన్నర భోజనం ఇంకా అలాగే ఉన్నాయి, మందుల గురించి అడిగే గడి ఇప్పటికీ లేదు.