ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్: ఉంచుకోవాలా, చిన్న బండికి దిగాలా?

పిల్లలు హాస్టళ్లకు వెళ్లిపోయాక, లేదా కొత్త ఫ్లాట్ సెల్లార్‌లో పార్కింగ్ ఇరుకయ్యాక, "ఇంత బండి మనకెందుకు" అనే మాట ఇంట్లో మొదలవుతుంది. అందరూ ముందు వేసేది డీజిల్ లెక్క. ఆ లెక్క వేయాల్సిందే గానీ, తేల్చేది మాత్రం అది కాదు.

ఇక్కడ చూస్తున్నది 2016 చివర్లో మన దేశానికి వచ్చిన తరం టొయోటా ఫార్చ్యూనర్, 2.8 లీటర్ల డీజిల్, ఆటోమేటిక్, ఫోర్ బై ఫోర్ (అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి పంపగలిగేది). 2021 నుంచి వచ్చిన బండ్లలో 204 పీఎస్ పవర్, ఆటోమేటిక్‌లో 500 ఎన్ఎం టార్క్. పొడవు 4,795 మి.మీ., వెడల్పు 1,855, ఎత్తు 1,835. బరువు రెండు టన్నుల పైమాటే. ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు లేదు, చైనే. కాబట్టి లక్ష కిలోమీటర్లు దాటగానే బెల్టు మార్చే ఖర్చు ఉండదు. ఆయిల్ మాత్రం ఫిల్టర్‌తో కలిపి 7.5 లీటర్లు తాగుతుంది. పైగా ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ (చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు), ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె)... మూడింటికీ విడిగా ఆయిల్. సర్వీసు బిల్లులో ఇవి కనిపించకపోతే ఎవరూ మార్చలేదనే అర్థం.

ఇక డీజిల్. ఏడాదికి పది వేల కిలోమీటర్లు, ఎక్కువగా ఊళ్లోనే అనుకుందాం. సిటీ ట్రాఫిక్‌లో ఈ బండి లీటరుకు 9 కిలోమీటర్లు ఇస్తే మంచి మైలేజీయే. లీటరు 96 రూపాయల లెక్కన లక్షా ఆరు వేల చిల్లర. అదే దూరం టొయోటా హైరైడర్ లేదా మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌తో (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది) తిరిగితే, కంపెనీ చెప్పే 27.97 పక్కన పెట్టి 20 వేసుకున్నా, పెట్రోలు 107 చొప్పున 53,500. తేడా 53 వేలు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 1,500 సీసీ దాటితే 7,897. ఆ లోపు 3,416, హైబ్రిడ్‌కు అందులో ఇంకో ఏడున్నర శాతం తగ్గింపు. అక్కడ 4,700 మిగులు. 265/60 ఆర్18 టైరుకూ 215/60 ఆర్17 టైరుకూ ఒక్కోదాని మీద అయిదారు వేల తేడా. అయిదేళ్లకు పంచితే ఏడాదికి నాలుగు వేల పైన. మొత్తం కలిపి 62 వేలు.

ఇప్పుడు ఏడు సీట్ల సంగతి. పెళ్లిళ్లు, తిరుపతి, సంక్రాంతికి ఊరు... చిన్న బండి అయిదుగురికే. అలాంటి రోజుల్లో ఇన్నోవా మాట్లాడుకోవాలి. కిలోమీటరు 20 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా 500 వేసుకుంటే రోజుకు 6,500. ఆ రోజు మీ బండి ఇంట్లోనే ఉంటుంది కాబట్టి దాని పెట్రోలు 1,600 తీసేయండి. నికరంగా 4,900. అరవై రెండు వేలను దీంతో భాగిస్తే పన్నెండు రోజులు. ఏడాదిలో పన్నెండు రోజుల కంటే ఎక్కువ మూడో వరుస నిండుతుంటే పొదుపు అన్నమాటే లేదు. క్యాలెండర్ ముందు పెట్టుకుని పోయిన ఏడాది ఎన్ని రోజులు నిండిందో లెక్కపెట్టండి. సాధారణంగా మనసులో ఉన్న సంఖ్య కంటే అది చాలా తక్కువే తేలుతుంది.

అయితే అసలు దెబ్బ ఇక్కడ కాదు, లైఫ్ ట్యాక్స్ దగ్గర. తెలంగాణలో పది లక్షలు దాటిన కారుకు అది 17 శాతానికి తగ్గదు. షోరూం ధర 18 లక్షలైతే కనీసం మూడు లక్షల ఆరు వేలు. బండి మళ్లీ అమ్మేటప్పుడు ఆ డబ్బు చేతికి రాదు. ఏడాదికి 62 వేల చొప్పున దాన్ని పూడ్చుకోవడానికే అయిదేళ్లు. కొత్త బండికి మొదటి ఏడాదిలో పడిపోయే విలువ ఇంకా ఇందులో కలపనే లేదు. అందుకే మా సలహా: దిగదలచుకుంటే రెండు మూడేళ్లు తిరిగిన, ఇదే రాష్ట్రంలో ట్యాక్స్ కట్టేసిన బండిలోకి దిగండి. హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది కాబట్టి మూడేళ్ల బండికి భయం లేదు. కొత్తదే కావాలంటే పొదుపు కోసం కొంటున్నామని మాత్రం అనుకోకండి, సుఖం కోసం కొంటున్నట్టే.

సుఖంలోనూ కొన్ని భ్రమలున్నాయి. సెల్లార్‌లో పిల్లర్‌కు డోరు తగులుతోందని బండి మార్చేవాళ్లు టేపు పట్టుకుని చూడాలి. రెండున్నర మీటర్ల వెడల్పు స్లాట్‌లో ఫార్చ్యూనర్‌కు ఒక్కో వైపు 32 సెంటీమీటర్లు మిగిలితే, హ్యుందాయ్ క్రెటాకు (వెడల్పు 1,790) 35. మూడు సెంటీమీటర్ల లాభానికి తలుపు ఏమీ పెద్దగా తెరుచుకోదు. పొడవులో మాత్రం తేడా ఉంది: క్రెటా 4,330, హైరైడర్ 4,365. అర మీటరుకు కాస్త తక్కువ. తోక డ్రైవ్‌వేలోకి పొడుచుకొస్తోందని పక్క ఫ్లాటువాళ్లతో గొడవ అయ్యేచోట దీనితో తీరిపోతుంది. మెకానికల్ పార్కింగ్ ఉన్న చోటైతే ఎత్తు ఒక్కటే చూడొద్దు, ప్యాలెట్ (బండి నిలిపే పలక) మీద ప్లేటులో రాసిన బరువు చదవండి. రెండు టన్నులని ఉంటే ఫార్చ్యూనర్ ఎక్కించకూడదు.

నిజంగా మారేది ఎక్కడం, దిగడం. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఫార్చ్యూనర్ ఎక్కడం గమనించండి. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో పిల్లర్ హ్యాండిల్, కుడికాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి పైకి. దిగేటప్పుడు ఇంకా కష్టం, ఫుట్‌బోర్డు కనపడదు. క్రెటా, హైరైడర్ సీటు నడుం ఎత్తులో ఉంటుంది, కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే పై లెక్కలన్నీ పక్కన పెట్టి దీని కోసమే మార్చవచ్చు.

సామాను దగ్గర జాగ్రత్త. హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లలో బ్యాటరీ వెనక కూర్చోవడంతో డిక్కీ 265 లీటర్లకు కుదించుకుపోయింది. అమెరికా నుంచి పిల్లలు వచ్చినప్పుడు శంషాబాద్‌లో ఎదురయ్యేది 23 కేజీల పెట్టెలు నాలుగు. అవి ఇందులో పట్టవు. క్రెటాలో 433 లీటర్లు. కొనే ముందు ఇంట్లోని పెద్ద సూట్‌కేసు ఒకటి షోరూంకు తీసుకెళ్లి పెట్టి చూడండి, నవ్వితే నవ్వనివ్వండి.

ఇప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్. తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్లకు ఇది అక్కర్లేదు, అవి తారు రోడ్లు. పైగా పొడి తారు మీద హెచ్4లో (నాలుగు చక్రాలకూ శక్తి అందే మామూలు వేగాల మోడ్) తిప్పకూడదు. సెంటర్ డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపుల్లో ముందు, వెనక చక్రాల వేగాల తేడా షాఫ్టుల్లో మెలికపడి, బండి పట్టేసినట్టు అవుతుంది. దీని అవసరమంతా వానాకాలం రేగడి పొలం బాటలు, ఇసుక వాగులు. అక్కడ కూడా హైవే టైర్ల గాళ్లలో నల్లమట్టి నిండితే నాలుగు చక్రాలూ కలిసే జారతాయి, రెండు టన్నుల బరువు ఇంకా లోతుకు దిగుతుంది. ఆ పనికే అయితే దాదాపు 1,200 కేజీల మారుతి జిమ్నీ నయం: లో రేంజ్ గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) ఉంది, వెడల్పు 1,645 మాత్రమే. కాకపోతే నలుగురే, డిక్కీ 208 లీటర్లు, హైవే మీద నిదానం. ఏడాదికి నాలుగైదుసార్లు తడి మట్టి దాటడమే పనైతే హైరైడర్, గ్రాండ్ విటారాల ఆల్ వీల్ డ్రైవ్ సరిపోతుంది. అది స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో రాదు, 1.5 పెట్రోలుకే వస్తుంది. లో రేంజ్ ఉండదు.

"దిగడం" పేరుతో కొందరు చూసే రెండు బండ్లు అసలు చిన్నవే కావు. ఇన్నోవా హైక్రాస్ పొడవు 4,755, ఫార్చ్యూనర్ కంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ, అంతే. మహీంద్రా థార్ రాక్స్ పొడవు తగ్గినా వెడల్పు 1,870, అంటే ఇంకా ఎక్కువ. హైక్రాస్ హైబ్రిడ్ మాత్రం వేరే కారణానికి మంచిది: ఏడు సీట్లు కావాలి, ఫోర్ వీల్ అక్కర్లేదు అనే ఇంటికి.

ఉంచుకోవాలనుకుంటే ఒక్క షరతు. రోజూ నాలుగు కిలోమీటర్ల స్కూలు ట్రిప్పులతోనే బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి సరిపెట్టొద్దు. ఎగ్జాస్ట్ వేడెక్కక డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి కాలదు, పేరుకుంటుంది. వారానికోసారి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద అరగంట నిలకడగా నడపండి. నెలకోసారి మట్టి రోడ్డు మీద హెచ్4 వేసి ఓ పదహారు కిలోమీటర్లు తిప్పితే ముందు భాగాలకు ఆయిల్ అందుతుంది.

అమ్మాలనుకుంటే, కొనేవాడి కంటే ముందు మీరే ఫోర్ వీల్ డ్రైవ్ డయల్ తిప్పి చూడండి. హెచ్4 లైటు నిలకడగా వెలగాలి. ఆగకుండా మినుకుమంటుంటే యాక్చుయేటర్ (ఫోర్ వీల్‌ను కలిపే మోటారు) పట్టేసినట్టు, ఏళ్ల తరబడి వాడకపోతే ఇదే జరుగుతుంది. ఎల్4కు (లో రేంజ్) బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి తిప్పాలి. ఈ లోపం బేరంలో బయటపడితే రిపేరు ఖర్చు కంటే ఎక్కువే కోస్తారు.

కాగితాల్లో వరుస ముఖ్యం. పాత బండి మీ పేరున ఉండగానే కొత్తది రిజిస్టర్ చేయిస్తే తెలంగాణలో రెండో బండి కింద 2 శాతం అదనపు పన్ను పడుతుంది. 18 లక్షల మీద 36 వేలు. అందుకే ముందు లోన్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35తో హైపోథికేషన్ (ఆర్సీలో ఉన్న బ్యాంకు తాకట్టు) తీయించి, చలాన్లు కట్టేసి, ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, ఆర్సీ కొన్నవాళ్ల పేరుకు మారేదాకా ఆగండి. ఫాస్టాగ్ మూసేయించండి, లేదంటే వాళ్ల టోలు మీ ఖాతాలో పడుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ లెటర్ అడిగి తీసుకోండి. మూడేళ్లు చెల్లుతుంది, 50 శాతం దాకా ఉన్న ఆ తగ్గింపు మీది, బండితో పాటు పోయేది కాదు.