చిన్న విండ్ టర్బైన్ల విండ్ టన్నెల్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

టర్బైన్ టెస్టింగ్‌కి విండ్ టన్నెల్ (ఫ్యాన్‌తో గాలి పుట్టించి అందులో మోడల్‌ని పరీక్షించే సొరంగం) డిజైన్ చేద్దాం అనుకునేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది టాప్ స్పీడ్ ఎంత అని. ఇన్నేళ్లు దీని మీద పని చేశాక నేనైతే ఆ ప్రశ్న ఆఖర్న అడుగుతా, ముందు రోటర్ (తిరిగే బ్లేడ్ల చక్రం) ఎంత, టెస్ట్ సెక్షన్ (మోడల్ పెట్టే భాగం) ఎంత అనే అడుగుతా.

మేం వాడేది ఓపెన్ సర్క్యూట్ టన్నెల్ (గాలి ఒక కొసన లోపలికొచ్చి ఇంకో కొసన బయటికి పోయేది), ఫ్యాన్ వెనక ఉండి గాలిని లాగే రకం. టెస్ట్ సెక్షన్ 1 మీటరుకి 1 మీటరు, పొడవు 2 మీటర్లు, కాంట్రాక్షన్ (సెక్షన్ ముందు గాలి దారి సన్నబడే నిష్పత్తి) 6:1, మహా అయితే 15 మీ/సె వస్తుంది. విమానం రెక్కలు టెస్ట్ చేసేవాళ్లకి ఇది ఏ మూలకీ రాదు గానీ చిన్న టర్బైన్‌కి అసలు కథంతా 3 నుంచి 12 మీ/సె మధ్యే కదా, అందుకే స్పీడ్ చాల్లేదని నాకెప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు బ్లాకేజ్ (రోటర్ సెక్షన్‌ని ఎంత అడ్డేస్తుంది అనేది) సంగతి, దీన్ని ఎంత చెప్పినా తక్కువే. 30 సెం.మీ. రోటర్ పెడితే అది తిరిగే వైశాల్యం సెక్షన్‌లో 7 శాతం, బాగానే ఉంటుంది. అదే 50 సెం.మీ. రోటర్ పెడితే దాదాపు 20 శాతం అయిపోతుంది, అప్పుడు రోటర్ వెనక వేక్ (నెమ్మదించిన గాలి) విచ్చుకోవడానికి గోడలు అడ్డం, పక్కల నుంచి పోయే గాలి స్పీడందుకుంటుంది, రోటర్ గుండా కూడా బయట వెళ్లేదానికంటే ఎక్కువ గాలి వెళ్తుంది, దాంతో టర్బైన్ చాలా గొప్పగా కనిపిస్తుంది. పవర్ గాలి వేగం క్యూబ్‌తో పెరుగుతుంది కాబట్టి వేగంలో 4 శాతం తేడా పవర్‌లో 12 శాతం పైనే అవుతుంది. బయట బెట్జ్ లిమిట్ (గాలి శక్తిలో టర్బైన్ తీసుకోగలిగే గరిష్ఠ వాటా) 59.3 శాతం, కానీ గోడల మధ్య 20 శాతం బ్లాకేజ్‌లో అదే లెక్క థియరీ ప్రకారం 93 శాతం దగ్గరికి వెళ్తుంది, కాబట్టి ఎవరైనా మా డిజైన్ బెట్జ్‌ని దాటింది అని గ్రాఫ్ చూపిస్తే నేను ముందు అడిగేది టన్నెల్ కొలతలే. సవోనియస్ లాంటి, గాలి తోపుతో తిరిగే డ్రాగ్ రకాల్లో అయితే ఇది ఇంకా దారుణం. బ్లాకేజ్ ప్రభావాన్ని లెక్కలో సరిచేసే గ్లావర్ట్ కరెక్షన్ లాంటివి ఉన్నాయి, నేనూ వేస్తా, కానీ 10 శాతం దాటాక కరెక్షన్ మీద నమ్మకం పెట్టుకునే బదులు చిన్న రోటర్ చేసుకోవడం మేలు. 2000లో అమెరికా పునరుత్పాదక ఇంధన ల్యాబ్ ఎన్‌ఆర్‌ఈఎల్ వాళ్లు 10 మీటర్ల రోటర్‌ని నాసా ఏమ్స్‌లో 24.4 × 36.6 మీటర్ల సెక్షన్‌లో పెట్టి టెస్ట్ చేశారు, అంత పెద్ద టన్నెల్‌లో కూడా బ్లాకేజ్ 9 శాతం దగ్గరుంది, దీన్నిబట్టి మన టేబుల్ సైజు టన్నెల్ ఏపాటిదో అర్థం చేసుకోవచ్చు.

అలాగని రోటర్‌ని మరీ చిన్నది చేస్తే రెనాల్డ్స్ నంబర్ (వేగం, సైజు, గాలి జిగురుదనం కలిపి ప్రవాహం తీరు చెప్పే అంకె) పట్టుకుంటుంది. 30 సెం.మీ. రోటర్, 3 సెం.మీ. కార్డ్ (బ్లేడ్ వెడల్పు), 10 మీ/సె గాలి, టిప్ స్పీడ్ రేషియో (బ్లేడ్ కొన వేగం గాలి వేగానికి ఎన్ని రెట్లో) 5 అనుకుంటే బ్లేడ్ ముప్పాతిక దూరంలో రెనాల్డ్స్ నంబర్ 78 వేలు అలా వస్తుంది. అదే 3 మీటర్ల రోటర్‌లో అయితే ఐదింతలు పెద్ద కార్డ్‌తో 4 లక్షలకి దగ్గరగా ఉంటుంది. లక్ష లోపు లామినార్ సెపరేషన్ బబుల్స్ (గాలి బ్లేడ్ నుంచి విడిపోయి మళ్లీ అంటుకునే చోట్లు) వచ్చి ఎయిర్‌ఫాయిల్ (బ్లేడ్ అడ్డకోత ఆకారం) ప్రవర్తనే మారిపోతుంది, అందుకే ఈ టన్నెల్ నంబర్లని పెద్ద టర్బైన్‌కి నేరుగా ఎత్తి పెట్టకూడదు, రెండు బ్లేడ్ డిజైన్లలో ఏది మెరుగు అనే పోలికకి మాత్రం చాలా బాగా పనికొస్తుంది, అది కూడా కొంచెం జాగ్రత్తగానే.

గాలి నాణ్యత విషయంలో ఈ టన్నెల్‌కి నేను ఫుల్ మార్కులు వేస్తా. హనీకోంబ్ (గాలిని తిన్నగా చేసే తేనెపట్టు లాంటి గడులు) గడి వెడల్పుకి సుమారు 8 రెట్ల పొడవుంది, తర్వాత స్క్రీన్లు (సన్నటి జాలీలు), ఆ స్క్రీన్లు ఫ్రేమ్‌తో సహా బయటికి లాగేసేలా పెట్టారు చూడండి, అదీ పని. లాగే రకం టన్నెల్ గదిలోని దుమ్మంతా మింగుతుంది, స్క్రీన్లలో సందులు సగం మూసుకుపోయాక ఫ్లో ఒక పక్కకి ఒరుగుతుంది, అది కళ్లకి కనిపించదు, గాలి వేగం కొలిచే పైటాట్ ట్యూబ్‌తో సెక్షన్ అంతా తిప్పి చూస్తేనే తెలుస్తుంది. ఇంకోటి, సెక్షన్ లోపల ప్రెషర్ బయటికంటే తక్కువ కాబట్టి తలుపు గాస్కెట్ కొంచెం వదులైనా బయటి గాలి లోపలికి కొడుతుంది, గాస్కెట్లు మార్చుతూ ఉండాల్సిందే.

స్పీడ్ కొలవడం దగ్గర కాస్త ఖర్చు పెట్టండి. 3 మీ/సె దగ్గర డైనమిక్ ప్రెషర్ (గాలి వేగం వల్ల వచ్చే ఒత్తిడి) ఐదున్నర పాస్కల్స్ మాత్రమే, ఆ ఒత్తిడి కొలిచే మానోమీటర్ ఒక్క పాస్కల్ తప్పితే వేగంలో 9 శాతం తప్పు, పవర్‌లో పాతిక శాతం పైనే. తక్కువ స్పీడ్‌కి మేం హాట్ వైర్ (వేడి తీగ గాలికి చల్లబడే తీరుని బట్టి వేగం కొలిచేది) వాడతాం. పైటాట్‌ని రోటర్‌కి దగ్గరగా పెట్టొద్దు, రోటర్ ముందు గాలి అప్పటికే నెమ్మదిస్తుంది, కనీసం రెండు డయామీటర్లు ముందుండాలి. ఫ్యాన్ ఆర్‌పీఎం అదే ఉన్నా రోటర్ మీద లోడ్ మారితే టన్నెల్ స్పీడ్ కూడా మారుతుంది కాబట్టి ప్రతి పాయింట్‌కీ మళ్లీ సెట్ చేసుకోవాలి, విసుగే గానీ తప్పదు.

ఇక నాకు అస్సలు నచ్చనిది లోడ్ సైడ్ (రోటర్ మీద భారం పెట్టి పవర్ కొలిచే భాగం), టన్నెల్‌తో పాటు వచ్చిన సెటప్‌లో చిన్న డీసీ జనరేటర్, రెసిస్టర్లు, అంతే. 5 మీ/సె దగ్గర ఆ 30 సెం.మీ. రోటర్, పవర్ కోఎఫిషెంట్ (గాలి శక్తిలో రోటర్ తీసుకునే వాటా) 0.3 అనుకున్నా, ఇచ్చేది ఒకటిన్నర వాట్ చిల్లర, టార్క్ (తిప్పే బలం) 0.01 న్యూటన్ మీటర్ కూడా ఉండదు, అందులో బేరింగ్ ఫ్రిక్షన్, జనరేటర్ లాస్ పోతే మిగిలేది చూసి బ్లేడ్ బాగాలేదంటే పాపం బ్లేడ్ ఏం చేస్తుంది! బ్లేడ్లు తీసేసి షాఫ్ట్‌ని మోటార్‌తో తిప్పి ఫ్రిక్షన్ విడిగా కొలిచి కలుపుకోవాలి. పైగా కాన్‌స్టంట్ టార్క్ లోడ్ పెడితే టార్క్ కర్వ్ (రోటర్ స్పీడ్‌కి టార్క్ గ్రాఫ్) పీక్ దాటి ఎడమ వైపుకి రాగానే రోటర్ నిలబడదు, స్టాల్ అయ్యి ఆగిపోతుంది, కర్వ్‌లో ఆ సగం ఎప్పటికీ దొరకదు. మేం తర్వాత స్పీడ్‌ని పట్టి ఉంచే సర్వో మోటార్ పెట్టుకున్నాం, అది బ్రేక్‌లా పనిచేస్తుంది, అవసరమైతే తిప్పుతుంది కూడా, అప్పుడే కర్వ్ మొత్తం వచ్చింది. ఫ్యాన్ వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్) కేబుల్, టార్క్ సెన్సర్ కేబుల్ మాత్రం దూరదూరంగా లాగండి, నాయిస్ అంతా అక్కడినుంచే వస్తుంది.

ఫ్యాన్ ముందు గట్టి మెష్ తప్పనిసరి, బ్లేడ్ విరిగితే ముక్క నేరుగా ఫ్యాన్‌లోకే పోతుంది. ఆ రోటర్ 10 మీ/సె దగ్గర 3 వేల ఆర్‌పీఎం పైన తిరుగుతుంది, కాబట్టి రోటర్ తిరిగే ప్లేన్‌లో అద్దం పక్కన ఎవర్నీ నిలబడనివ్వను.

నున్నటి గాలి ఇంత బాగా వచ్చినా అసలు గాలి అలా ఉండదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61400-2లో చిన్న టర్బైన్ల డిజైన్‌కి 15 మీ/సె దగ్గర టర్బులెన్స్ (గాలి వేగంలో ఒడిదుడుకులు) 18 శాతం అని తీసుకుంటారు, మా సెక్షన్‌లో ఒక శాతం కూడా లేదు. అందుకని ఈమధ్య సెక్షన్ మొదట్లో చెక్క పట్టీల గ్రిడ్ పెట్టి అవే బ్లేడ్లని మళ్లీ రన్ చేస్తున్నా, తక్కువ రెనాల్డ్స్ దగ్గర కర్వ్ ఆకారమే వేరేగా వస్తోంది. కొత్తగా కట్టించుకునేవాళ్లు గ్రిడ్ బిగించుకోవడానికి ముందే ఒక గాడి, రోటర్ కింద యా టేబుల్‌కి (రోటర్‌ని గాలికి పక్కకి తిప్పే బల్లకి) చోటు, వెనక వేక్ కొలవడానికి ఇంకో మీటరు పొడవు డ్రాయింగ్‌లోనే అడిగి పెట్టించుకోండి, కట్టేశాక వీటిని కలపడం చాలా కష్టం.