ఎకో వస్తోందని వెళ్తే విప్పకుండానే సెట్ చేశాడు

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో చిన్న మొబైల్ రిపేర్ షాపు, బోర్డు కూడా సరిగ్గా కనపడదు, కానీ కుర్రాడికి పని తెలుసు. నా ఫోన్‌లో ఎవరితో మాట్లాడినా వాళ్ళ మాటే వాళ్ళకి తిరిగి వినపడేది, మా అక్కైతే నూతిలోంచి మాట్లాడుతున్నావేంట్రా అని విసుక్కునేది. వేరే చోట చూపిస్తే మైక్ బోర్డు మార్చాలన్నారు.

ఇతను అసలు స్క్రూడ్రైవరే పట్టుకోలా. ముందు వాయిస్ రికార్డర్‌లో మాట్లాడించి విన్నాడు, క్లియర్‌గా ఉంది, అంటే కింద మైక్ బానే ఉన్నట్టు. తర్వాత పౌచ్ పీకేసి కెమెరా పక్కన సన్న బెజ్జం చూపించి "అన్నా, ఇది రెండో మైకు, బయట గోల తగ్గించేది ఇదే, మీ పౌచ్ దీన్ని మూసేసింది, పైగా ఇయర్‌పీస్ సౌండ్ పౌచ్ లోపల్నుంచి మళ్ళీ మైకులోకి పోతోంది" అన్నాడు. మన గొంతు మనకే తిరిగి వినపడితే మాత్రం తేడా ఎక్కువగా అవతలి ఫోన్లోనే అంట, ఇది నాకు కొత్త.

ఇయర్‌పీస్ జాలీలో దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులిపి, సెట్టింగ్స్‌లో ఆఫ్‌లో ఉన్న వోల్టీ (4జీ మీదే కాల్స్ వెళ్ళేది, దీంతో హెచ్‌డీ వాయిస్ వస్తుంది) ఆన్ చేశాడు. మామూలు కాల్‌లో గొంతు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే వెళ్తుంది, హెచ్‌డీ వాయిస్ అయితే 7000 దాకా, ఆ తేడా అక్కడే తెలిసిపోయింది.

డబ్బులు వద్దన్నాడు గానీ కొత్త పౌచ్ అంటగట్టాడు, రేటు కాస్త ఎక్కువే. సాయంత్రం వెళ్తే బండి పెట్టడానికి చోటుండదు, పొద్దున్నే వెళ్ళండి. స్పీకర్ ఫుల్ వాల్యూమ్‌లో పెడితే ఇంకా కొంచెం ఎకో ఉంది, తగ్గించి మాట్లాడితే లేదు.