పేరు రాయక్కర్లేని కామెంట్ పెట్టె: 26 నెలలు వాడాక

మా ఆఫీసులో కంటిన్యువస్ ఫీడ్‌బ్యాక్ టూల్, అంటే ఏడాదికోసారి కాకుండా ఎప్పటికప్పుడు అభిప్రాయాలు తీసుకునే సాఫ్ట్‌వేర్, పెట్టి 26 నెలలైంది. దాని పేరు చెప్పను, ఇలాంటివన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వారం వారం చెక్-ఇన్, వన్-ఆన్-వన్ నోట్సు, మెచ్చుకోలు బ్యాడ్జీలు, పల్స్ సర్వే (తరచుగా నింపించే చిన్న సర్వే) మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నా గొడవంతా ఒక్కదానితోనే: పల్స్ సర్వే చివర ఉండే, పేరు రాయక్కర్లేని కామెంట్ పెట్టె.

మొదటి ఆరు నెలలు దాన్ని తెగ పొగిడింది నేనే. పక్క టీమ్‌ల మేనేజర్లను కూర్చోబెట్టి డెమో కూడా ఇచ్చాను. మన దగ్గర మేనేజర్ ఎదురుగా కూర్చుని "ఎలా ఉంది?" అని అడిగితే "అంతా ఓకే అన్నా" తప్ప ఇంకో మాట రాదు. రిజైన్ చేసే ముందు రోజు కూడా అదే మాట. ఆ పెట్టెలో మాత్రం మొదటి నెలలోనే నిజాలు పడ్డాయి. రిలీజ్ రాత్రుల్లో భోజనం సంగతి ఎవరూ పట్టించుకోరని ఒకరు రాశారు. ఎవరైనా చెబుతుంటే నేను మధ్యలో అందుకుంటానని ఇంకొకరు రాశారు. రెండోది చదివితే చెవులు వేడెక్కాయి గానీ, అబద్ధం కాదు.

ఏడో నెలలో ఒక శుక్రవారం మా స్టాండప్ (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్) గురించి ఇది వచ్చింది, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులో: "స్టాండప్ స్కూల్లో హాజరు పిలిచినట్టు ఉంది... ప్రెజెంట్ సర్ అని కూర్చోవడమే..."

మా టీమ్‌లో ఉన్నది 8 మంది. వాక్యం చివర మూడు చుక్కలు పెట్టే అలవాటు మా బ్యాకెండ్ కుర్రాడిది. కోడ్ రివ్యూలో కూడా "ఇది మార్చాలేమో..." అని వదిలేస్తాడు. ఇంకేముంది, తేల్చేసుకున్నాను.

స్టాండప్ వెంటనే మార్చాను. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం మానేసి, బోర్డు మీద ఆగిపోయిన పనుల గురించే మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. 25 నిమిషాలు పట్టేది 10 నిమిషాల్లో అయిపోతోంది. టూల్ అమ్మేవాళ్లు చెప్పుకోవడానికి పనికొచ్చే కథ. కానీ ఆ కుర్రాడి మీద నాలో ఏదో ఉండిపోయింది. అతని పీఆర్‌లకు (రివ్యూకి పంపే కోడ్ మార్పులకు) కామెంట్లు ఎక్కువ పెట్టాను. టీకి వెళ్లేటప్పుడు పిలవడం తగ్గించాను. పేమెంట్స్ మాడ్యూల్‌కి లీడ్‌గా అతనే సరైనవాడని తెలిసీ ఇంకొకరికి ఇచ్చాను. ప్రతిదానికీ నా దగ్గర వేరే కారణం సిద్ధంగా ఉండేది.

మూడు నెలలు గడిచాయి. మా టెస్టింగ్ చూసే ఆవిడ ఎనిమిదేళ్ల సీనియర్, మీటింగుల్లో గొంతెత్తని మనిషి. వన్-ఆన్-వన్ అయ్యాక లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. "స్టాండప్ గురించి రాసింది నేనేనండీ. రాసిన వారమే మార్చేశారు, థ్యాంక్స్ చెబుదామనుకుంటూనే కుదరలేదు." ఆ మూడు చుక్కల సంగతి అడగకుండా ఉండలేకపోయాను. నవ్వేసింది. "వాట్సాప్ అలవాటు. అందరం అలాగే రాస్తాం కదండీ."

ఆ సాయంత్రమే కుర్రాణ్ని ఇరానీ చాయ్‌కి తీసుకెళ్లి జరిగింది చెప్పాను. "నా మీద ఏదో ఉందని అర్థమైందన్నా" అన్నాడు. "ఏం తప్పు చేశానో తెలియలేదు. రెండు చోట్ల ఇంటర్వ్యూలు కూడా ఇచ్చాను." అంతకంటే ఎక్కువ నేను అడగలేదు, అతను చెప్పలేదు. తర్వాతి పెద్ద మాడ్యూల్ అతనికే ఇచ్చాను గానీ, పేమెంట్స్ పోయింది పోయినట్టే.

తప్పు నాది, టూల్‌ది కాదు అంటారా? సగం ఒప్పుకుంటాను. ఐదుగురి కంటే తక్కువ మంది నింపితే ఫలితాలు చూపించకుండా టూల్ జాగ్రత్త పడుతుంది. సంక్రాంతి వారం నలుగురే నింపారు, నా స్క్రీన్ ఖాళీ. కానీ మన చేతిలో కూడికలు తీసివేతలు ఉన్నాయి కదా. సర్వేలో పదికి వేసిన మార్కుల్లో 8 మంది సగటు 7.5 అంటే మొత్తం 60. సీనియర్లు ఐదుగురిని మాత్రమే చూపించమంటే వాళ్ల సగటు 8.4, అంటే 42. మిగతా ముగ్గురికీ కలిపి 18, మనిషికి 6. ముగ్గురి గుంపును టూల్ నేరుగా చూపించదు, కానీ ఇంజనీర్‌కి కాగితం కూడా అక్కర్లేదు. పదికి ఎన్ని మార్కులేస్తారన్న ప్రశ్న ఇంకో తంటా. 9, 10 వేసినవాళ్లలోంచి 6 దాకా వేసినవాళ్లను తీసేసి శాతం కడతారు. 8 మందిలో ఒక్కరు 9 బదులు 8 వేస్తే చాలు, స్కోరు 12.5 పడిపోతుంది. మా డైరెక్టర్ ఆ గ్రాఫ్ చూసి "మీ టీమ్‌లో ఏమైంది?" అని ఫోన్ చేశాడు. ఎవరికో ఆ పొద్దున క్యాబ్ ఆలస్యమై ఉంటుంది.

దీన్ని కొన్నప్పుడు పెద్దవాళ్లు వేసిన స్లైడ్లు గుర్తున్నాయి. అడోబ్ 2012లోనే ఏడాదికోసారి రేటింగులు ఎత్తేసింది, మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో ర్యాంకులిచ్చే పద్ధతి ఆపేసింది అని. మాకు టూల్ వచ్చింది, మార్చిలో బెల్ కర్వ్ (ఏ రేటింగ్ ఎంతమందికో ముందే కోటా పెట్టే పద్ధతి) కూడా ఎప్పటిలాగే వచ్చింది.

చిన్న చిరాకు ఇంకొకటి. శుక్రవారం సాయంత్రం 4 గంటల రిమైండర్ మొదట్లో కాలిఫోర్నియా టైమ్‌లో ఉండేది. మాకది శనివారం తెల్లవారుజామున 4:30కి మోగేది. దాన్ని సరిచేయించడానికి రెండు వారాలు పట్టింది.

నేను ఊహించనిది, పేరుతో నింపే చెక్-ఇన్ ఇంత బాగా పనిచేయడం. "ఈ వారం పని ఎక్కడ ఆగింది?" అని ఒకే ప్రశ్న పెట్టాను. ఎవరి మీదా చెప్పక్కర్లేదు, పని మీద చెబితే చాలు. ఒకే వారంలో నలుగురు "పీఆర్ పెట్టి రెండు రోజులైంది, ఎవరూ చూడలేదు" అని రాశారు. పొద్దున 11 నుంచి 11:30 దాకా అందరూ రివ్యూలే చేయాలని పెట్టుకున్నాం, ఇప్పుడు చాలావరకు అదే రోజు అయిపోతున్నాయి. అయితే ఈ మధ్య సగం మంది "నథింగ్" అని రాసి పంపేస్తున్నారు. పనేమీ ఆగలేదో, రాసి విసుగొచ్చిందో.

కొనమంటారా అని అడిగితే నేను చెప్పగలిగేది మా 8 మంది గురించే. ఒకే ఫ్లోర్‌లో కూర్చుంటాం, ఎవరి రాత ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలుసనుకున్నాను. మీ కింద 40 మంది ఉండి, సగం మంది డాలస్‌లో ఉంటే ఆ పెట్టె బాగానే పనికిరావచ్చు. నాకంటే అనుమానం తక్కువున్న మేనేజర్‌కి 8 మందితోనూ కుదురుతుందేమో.

ఈసారి రెన్యువల్ అప్పుడు మా టీమ్‌కి ఆ పెట్టె ఒక్కటీ ఆపేయమని అడిగాను. టీమ్‌కొక రకంగా కుదరదు, ఉంటే అందరికీ ఉండాలంది హెచ్‌ఆర్. అందుకని పక్క టీమ్ మేనేజర్, నేను ఒక ఒప్పందం చేసుకుని రెండు టీమ్‌లకూ చెప్పాం. మా వాళ్ల కామెంట్లు ఆవిడ చదివి, విషయం తన మాటల్లో నాకు చెబుతుంది. ఆవిడ వాళ్లవి నేను చదువుతాను. వాళ్లలో చుక్కలు పెట్టేదెవరో నాకు తెలియదు.